గది కన్నా ముందు ట్రంకు పెట్టె

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. చీపురుపల్లి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. నాజీజం పాఠం చెబుతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మా తాతమ్మ కూడా యుద్ధం అప్పుడు రంగం నుంచి నడిచొచ్చేసింది సార్, అది పుస్తకంలో ఎందుకు లేదు?" అని అడిగింది. రంగం అంటే రంగూనే. మా ఊళ్ళో బర్మా నుంచి వచ్చిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. మా హెడ్మాస్టారు దాతల్ని పట్టి ఒక గది కట్టించి మ్యూజియం పెడదామంటున్నారు. హోలోకాస్ట్ (నాజీలు యూదుల్ని చంపిన మారణకాండ) స్మారక దినం జనవరి 27న పిల్లల చేత నాజీ క్యాంపు నాటకం కూడా వేయిస్తారట. మీరు అమెరికాలో హోలోకాస్ట్ మ్యూజియం చూశానని ఈ శీర్షికలోనే ఒకసారి రాశారు. వాళ్ళు ఎలా మొదలుపెట్టారు? మేం ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక సోషల్ మాస్టారు, విజయనగరం జిల్లా

జవాబు: మాస్టారూ, ముందు ఆ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి. హెడ్మాస్టారిని మాత్రం సిమెంటు బస్తాలు దించకుండా కొన్నాళ్ళు ఆపండి.

నేను చూసింది చికాగో పక్కన స్కోకీలో ఉన్న ఇల్లినాయ్ హోలోకాస్ట్ మ్యూజియం. మా అబ్బాయి ఉండేది ఆ చుట్టుపక్కలే. అమెరికా వెళ్ళిన తల్లిదండ్రులందరినీ తిప్పినట్టే నన్నూ గుళ్ళకీ మాల్స్‌కీ తిప్పాడు. ఇక్కడికి మాత్రం నేనే పట్టుబట్టి తీసుకెళ్ళమన్నాను. 2009లో తెరిచిన ఆ భవనం దాదాపు 65 వేల చదరపు అడుగులు. స్టాన్లీ టైగర్‌మన్ అనే ఆర్కిటెక్ట్ గీసిన ప్లాను. లోపలికి వెళ్ళే సగం చీకటిగా ఉంటుంది, బయటికొచ్చే సగం వెలుతురుగా ఉంటుంది. యూదుల్ని క్యాంపులకి తోలిన రకం జర్మన్ రైలు పెట్టె ఒకటి లోపల ఉంది. దాని ముందు నిలబడ్డాక నాకు కాసేపు మాట రాలేదు.

భవనం సంగతి అంతే. మీకు పనికొచ్చే కథ అంతకు ముందుది.

యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడ్డ యూదులు వేల సంఖ్యలో స్కోకీ చేరి స్థిరపడ్డారు. ఏదో పని చూసుకున్నారు, పిల్లల్ని చదివించుకున్నారు, పడ్డ బాధల గురించి చాలామంది ఇంట్లో కూడా నోరు విప్పలేదు. 1977లో ఓ చిన్న నాజీ ముఠా, స్వస్తిక గుర్తులతో మీ వీధుల్లోనే ఊరేగుతామని బయల్దేరింది. ఊరు ఒప్పుకోలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. భావప్రకటన స్వేచ్ఛ వాళ్ళకీ ఉందని కోర్టులు తేల్చాయి. చివరికి 1978లో ఆ ముఠా స్కోకీకి రాకుండా చికాగోలోనే సభ పెట్టుకుని సరిపెట్టుకుంది. కానీ ప్రాణాలతో బయటపడ్డ ఆ యూదులకి మాత్రం విషయం అర్థమైంది: మనం చెప్పకపోతే వీళ్ళు చెప్పిందే చరిత్ర అయిపోతుంది. 1981లో ఒక ఫౌండేషన్ పెట్టుకున్నారు. మెయిన్ స్ట్రీట్‌లో దుకాణం గదిలాంటి చిన్న చోటే వాళ్ళ మొదటి మ్యూజియం. అక్కడ కూర్చుని జనం వస్తారని ఎదురుచూడకుండా, స్కూళ్ళకి వెళ్ళి పిల్లల ముందు నిలబడి మాట్లాడారు. దాంతో పాటు ప్రభుత్వం వెంటపడ్డారు. ఫలితంగా 1990లో, హోలోకాస్ట్ పాఠం బడుల్లో తప్పనిసరి చేసిన మొట్టమొదటి అమెరికన్ రాష్ట్రం ఇల్లినాయ్ అయింది.

నా లెక్కలో ఆ మ్యూజియం పెరగడానికి అసలు కారణం ఆ చట్టమే. తప్పనిసరి అనగానే టీచర్లకి టెన్షన్ పట్టుకుంటుంది కదా: ఏం చెప్పాలి, ఏ వయసుకి ఎంత చెప్పాలి, పిల్ల ఏడిస్తే ఏం చెయ్యాలి? మ్యూజియం ఆ టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చింది. రాలేని బడులకి పుస్తకాలు, గైడు సర్ది ట్రంకు పెట్టెలు పంపుతోంది. క్లాసులో వాడుకుని తిరిగి పంపించేస్తారు. చిన్నపిల్లలకి విడిగా ఒక విభాగం ఉంది, అందులో శవాల ఫొటోలు ఉండవు. బడిలో ఒకణ్ణి నలుగురు ఏడిపిస్తుంటే నువ్వేం చేస్తావు అన్న దగ్గర అక్కడ పాఠం మొదలవుతుంది.

ఇంకో సంగతి. ఆ పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు కాబట్టి, కొందరిని కూర్చోబెట్టి వందల కొద్దీ ప్రశ్నలకి జవాబులు వీడియో తీశారు. 2017 నుంచి మనిషి ఎదురుగా కూర్చున్నట్టే వేదిక మీద కనిపిస్తారు. నేను వెళ్ళినప్పుడు స్కూలు బ్యాచ్ ఒకటి వచ్చింది. అందులో ఒక పిల్ల "అక్కడ ఏం తినేవారు?" అని అడిగింది. వేదిక మీది ఆ వీడియో మనిషి కుర్చీలో కాస్త సర్దుకుని రొట్టె గురించి చెప్పడం మొదలుపెట్టారు. నేనైతే తేదీలు అడుగుదామని కూర్చున్నాను! ముప్పై ఏళ్ళ పైన లెక్చరర్‌గిరీ ఊరికే పోతుందా?

ఇక మీ సంగతి. నాటకం వద్దే వద్దు. వాషింగ్టన్‌లో ఉన్న పెద్ద హోలోకాస్ట్ మ్యూజియం టీచర్లకి రాసిన సూచనల్లో కూడా పిల్లల చేత ఖైదీలు, గార్డుల వేషాలు వేయించొద్దనే ఉంది. వేషం కట్టిన పిల్లకి ఆ బాధ తెలియదు. తెలిసిపోయిందన్న భ్రమ మాత్రం మిగులుతుంది. గార్డు వేషం కట్టిన కుర్రాడి సరదా ఇంకా ప్రమాదం.

రెండోది, రంగం నడకని హోలోకాస్ట్ పక్కన పెట్టి తూకం వెయ్యకండి. అక్కడ ఒక ప్రభుత్వం పథకం వేసుకుని 60 లక్షల మంది యూదుల్ని చంపింది. ఇక్కడ 1941 డిసెంబరు 23న జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షల మంది భారతీయులు కొండలు, అడవులు పట్టి నడిచారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలమంది దారిలోనే పోయారు. దేని పాఠం దానిదే. పిల్లలకి ఆ తేడా మొదటి రోజే చెప్పెయ్యండి.

గది సంగతి తర్వాత. ఒక రేకు ట్రంకు పెట్టె, ఒక స్టాక్ రిజిస్టరు కొనండి. అప్పట్లో నడిచొచ్చిన పిల్లలకి ఇప్పుడు ఎనభై అయిదు పైనే ఉంటాయి, కాబట్టి రికార్డింగు ముందు కానివ్వండి. ఉదయం పూట, ఇద్దరేసి పిల్లలు, ఫోన్లో. ఎవరు మాట్లాడారు, ఏ ఊరు, ఏ తేదీ అన్నది మొదట్లోనే గట్టిగా చెప్పించండి. ఎక్కడెక్కడ వినిపించవచ్చో ఇంట్లోవాళ్ళని అడిగి సంతకం తీసుకోండి. ప్రశ్నలు పిల్లల్నే రాసుకోనివ్వండి: ఏం తిన్నారు, చెప్పులున్నాయా, చంటిపిల్లల్ని ఎవరెత్తుకున్నారు? అవ్వ ఏడిస్తే ఫోను ఆపేసి మంచినీళ్ళివ్వమనండి. మర్నాడు మళ్ళీ వెళ్ళొచ్చు.

ఫొటోలు, పాత కాయితాలు ఇచ్చెయ్యమని అడగొద్దు. వాళ్ళింటి అరుగు మీదే, నీడలో పెట్టి ఫోనుతో తీసుకుని అక్కడికక్కడే తిరిగిచ్చెయ్యండి. మనిషి నమ్మేది అప్పుడే. ఎవరైనా ఇష్టపడి ఏదైనా ఇస్తే రిజిస్టర్లో ఎక్కించి రసీదు ఇవ్వండి. ఫొటో వెనక రాయాల్సొస్తే పెన్సిలే, బాల్ పెన్ను తగలనివ్వొద్దు.

పెట్టె నిండాక పక్కూరి బడికి పంపండి. మీరు వెళ్ళకండి, ఆ అమ్మాయిని పంపండి. మూడు నాలుగు బడులు తిరిగొచ్చాక గది కావాలో, ఇంకో పెట్టె కావాలో మీకే తెలుస్తుంది. హెడ్మాస్టారు చిన్నబుచ్చుకుంటే పెట్టె మూత మీద దాతల పేర్లు రాయించండి, చోటు బోలెడు.

ప్రశ్న: హోలోకాస్ట్ గురించి చదవాలని ఉంది మేడమ్. ఇంగ్లీషు పుస్తకాలు గట్టిగా ఉన్నాయి. ఎలా?
– డిగ్రీ విద్యార్థి, పలాస

జవాబు: హిందీ వస్తే సగం పని అయినట్టే బాబూ. వాషింగ్టన్ మ్యూజియం వారి హోలోకాస్ట్ ఎన్‌సైక్లోపీడియా నెట్‌లో ఉచితం, హిందీలోనూ ఉంది. చిన్న చిన్న వ్యాసాలు, మ్యాపులు, ఫొటోలు. యుద్ధాల జోలికి వెళ్ళకుండా 1933 నుంచి 1939 వరకు నాజీలు యూదుల మీద చేసిన చట్టాలు ముందు చదువు. ఉద్యోగాలు పీకెయ్యడం, యూదులకీ ఇతర జర్మన్లకీ మధ్య పెళ్ళిళ్ళు నిషేధించడం, బడి నుంచి పిల్లల్ని వెళ్ళగొట్టడం అన్నీ అందులోనే ఉన్నాయి. తర్వాత జెరూసలేంలోని హోలోకాస్ట్ స్మారక సంస్థ యాద్ వషేమ్ వారి పేర్ల జాబితా తెరువు. చనిపోయినవాళ్ళ పేర్లు 2025 నాటికి 50 లక్షలు సేకరించారు. వాటిలో చాలా పేర్లు బంధువులో, పొరుగువాళ్ళో స్వయంగా ఫారం నింపి ఇచ్చినవే. ఏదో ఒక ఊరి పేరు కొట్టి వెతుకు. ఒక్క కుటుంబాన్ని పట్టుకుని చదువు, మిగతావి తర్వాత.