కలిపితే వెలిగే క్యూబ్‌లు: చివరిది పసుపుగా ఎందుకు మారుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 40 మిల్లీమీటర్ల క్యూబ్‌లు పది, ఒక్కోదాంట్లో నాలుగు డబ్ల్యూఎస్2812బి ఎల్ఈడీలు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఒకే దాంట్లో ఉండే రకం). అయస్కాంతాలతో వరుసగా అతుక్కుంటాయి, ఒక చివర యూఎస్‌బీ నుంచి 5 వోల్టులు ఇస్తున్నారు. తెలుపు పెడితే చివరి క్యూబ్‌లు పసుపుగా కనిపిస్తున్నాయి, కొత్త క్యూబ్ తగిలించగానే పక్కది ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది. ప్రోగ్రాంలో తప్పుందా, క్యూబ్‌కో బ్యాటరీ పెట్టేస్తే పోతుందా అని అడిగారు. ప్రోగ్రాం జోలికి వెళ్లకండి. రెండూ అతుకు దగ్గర పుట్టే సమస్యలే.

మా అక్క పిల్లలు దసరా బొమ్మల కొలువు మెట్ల మీద పెట్టుకోవడానికి ఇలాంటివే చేసి ఇచ్చాను. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు సామానుతోనే చేశాను. అందుకే లెక్కతో సహా చెప్పగలను.

ఒక ఎల్ఈడీ పూర్తి తెలుపులో దాదాపు 60 మిల్లీఆంపియర్లు లాగుతుంది. క్యూబ్‌కి నాలుగు కాబట్టి 0.24 ఆంపియర్లు, పది క్యూబ్‌లకు 2.4. ఈ మొత్తం కరెంటు మొదటి అతుకులోంచే వెళ్లాలి. రెండో అతుకులో 2.16, ఇలా తగ్గుతూ చివరి అతుకులో 0.24. స్ప్రింగ్ ఉన్న పోగో పిన్ (నొక్కితే లోపలికి దిగే కాంటాక్టు) ఒక్కోదాని నిరోధం 50 మిల్లీఓమ్‌లు అనుకుంటే, ప్లస్‌కీ గ్రౌండ్‌కీ (మైనస్‌కీ) కలిపి అతుకుకు 0.1 ఓమ్. అన్ని అతుకుల్లో పోయే వోల్టేజీ కూడితే 1.32 వోల్టులు. అంటే చివరి క్యూబ్‌కు చేరేది 3.7 లోపే. నీలం ఎల్ఈడీకి దాదాపు 3 వోల్టుల పైన కావాలి, ఎరుపుకు 2 చాలు. అందుకే వోల్టేజీ పడిపోతే ముందు నీలం మందగిస్తుంది, తెలుపులో నీలం తగ్గితే మిగిలేది పసుపే. మీటరు లేకపోయినా ఆ రంగే చెబుతుంది, వోల్టేజీ తగ్గిందని.

దీనికి అన్నిటికంటే చౌకైన మందు, పవర్‌ను చివర నుంచి కాక మధ్యలో ఇవ్వడం. లైటు లేని ఒక పవర్ క్యూబ్ చేసి దానికి టైప్‌-సి సాకెట్ పెట్టండి, అటు ఐదు ఇటు ఐదు తగిలించండి. అవే పిన్‌లు, అవే ఎల్ఈడీలు. నష్టం మాత్రం 1.32 నుంచి 0.36 వోల్టులకు దిగుతుంది. మొదటి అతుకులో కరెంటు కూడా సగమై 1.2 ఆంపియర్లకు వస్తుంది. చిన్న పోగో పిన్‌లు చాలావరకు ఒకటి రెండు ఆంపియర్లకే తయారవుతాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. పిన్ వేడెక్కితే 60 డిగ్రీల దగ్గరే మెత్తబడే పీఎల్ఏ (3డీ ప్రింటర్ ప్లాస్టిక్) డబ్బా వంగిపోతుంది. సాకెట్ దగ్గర ఒక జాగ్రత్త: సీసీ1, సీసీ2 అనే రెండు పిన్‌ల నుంచీ గ్రౌండ్‌కు చెరో 5.1 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టాలి. అవి లేకపోతే రెండు వైపులా టైప్‌-సి ఉన్న కేబుల్‌తో ఛార్జర్ అసలు కరెంటే ఇవ్వదు. ఛార్జర్ 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇచ్చేదై ఉండాలి.

ఇక అతుకు డిజైన్. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. ఏ క్యూబ్‌లో ఏ ముఖమైనా ఏ ముఖానికైనా అతకాలి కదా. రెండు ముఖాలు ఎదురెదురుగా నిలబడితే ఒకదాని ఎడమ రెండోదాని కుడికి తగులుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలు. ముఖానికి ఎడమ పక్క ఉత్తర ధ్రువం, కుడి పక్క దక్షిణ ధ్రువం బయటికి ఉండేలా రెండు అయస్కాంతాలు పెట్టండి. ప్రతి ముఖమూ ప్రతి ముఖాన్నీ లాక్కుంటుంది. తలకిందులుగా పెడితే నెట్టేస్తుంది, కాబట్టి తప్పుగా అతికే అవకాశమే లేదు. మధ్యలో ఆరు కాంటాక్టులు, ఎడమ నుంచి ఈ వరుసలో: గ్రౌండ్, 5 వోల్టులు, పంపే డేటా, అందుకునే డేటా, 5 వోల్టులు, గ్రౌండ్. ఎడమ మూడూ స్ప్రింగ్ పిన్‌లు, కుడి మూడూ చదునైన రాగి ప్యాడ్‌లు. ఎదుటి ముఖంలో ఇదే వరుస తిరగబడుతుంది కాబట్టి గ్రౌండ్‌కు గ్రౌండ్, 5కు 5, పంపేదానికి అందుకునేది వాటంతటవే ఎదురుపడతాయి. పిన్ మొన ప్యాడ్ మీదే ఆనుతుంది, ఇంకో పిన్ మొన మీద జారదు. పైగా ప్లస్‌కు రెండు దారులు, గ్రౌండ్‌కు రెండు దారులు వచ్చాయి కాబట్టి అతుకు నిరోధం సగమవుతుంది. గ్రౌండ్ పిన్ మిగతావాటికంటే కొంచెం పొడుగ్గా పెట్టండి, ముందు అదే తగలాలి. యూఎస్‌బీ ప్లగ్‌లో కూడా పవర్ పిన్‌లు డేటా పిన్‌లకంటే పొడుగ్గా ఉండేది ఇందుకే.

నికెల్ పూత ఉన్న అయస్కాంతాన్నే కాంటాక్టుగా వాడి పిన్‌లు మిగుల్చుకోవచ్చని కొందరంటారు. వద్దు. పూత అరిగిపోతుంది, పైగా మామూలు నియోడైమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది. సోల్డరింగ్ ఐరన్ మొన 300 పైన ఉంటుంది.

తగిలించగానే పక్కది ఆరి వెలగడానికి కారణం బహుశా కెపాసిటర్ (ఛార్జ్‌ను కాసేపు నిల్వ ఉంచే భాగం). ఎల్ఈడీ స్ట్రిప్‌లకు 1000 మైక్రోఫారడ్‌లు పెట్టమనే సలహా ఇంటర్నెట్ నిండా ఉంది. అది స్ట్రిప్ మొదట్లో ఒక్కటి పెట్టడానికి. క్యూబ్ క్యూబ్‌లోనూ అంతది పెడితే, ఖాళీ కెపాసిటర్ తగలగానే ఒక్క గుక్కలో కరెంటు లాగేస్తుంది. పక్క క్యూబ్ వోల్టేజీ ఒక్క క్షణం కుప్పకూలి దాని మైక్రోకంట్రోలర్ (క్యూబ్‌ను నడిపే చిప్) రీస్టార్ట్ అవుతుంది. యూఎస్‌బీ 2.0 నిబంధనలు కూడా తగిలించే పరికరం వైపు 10 మైక్రోఫారడ్‌లే అనుమతిస్తాయి. క్యూబ్‌లో అంతే పెట్టండి, ప్రతి ఎల్ఈడీ పక్కన 100 నానోఫారడ్‌లది ఒకటి. పెద్ద కెపాసిటర్ పవర్ క్యూబ్‌లో ఉండనివ్వండి. 5 వోల్టుల దారిలో తిరిగి కోలుకునే పీటీసీ ఫ్యూజ్ ఒకటి తప్పనిసరి. బయటికి కనిపించే ప్యాడ్‌ల మీద ఎప్పుడో ఒకప్పుడు ఇంటి తాళం చెవి పడి షార్ట్ అవుతుంది.

క్యూబ్‌కో బ్యాటరీ అనే మాటకొస్తే, అమెరికాలో రెండు దారులూ నడిచాయి. 2011లో వచ్చిన సిఫ్టియో అనే ఆట క్యూబ్‌లలో ప్రతిదానికీ సొంత బ్యాటరీ ఉండేది, సమాచారం వైర్‌లెస్‌లో నడిచేది. క్యూబ్‌లెట్స్ అనే రోబో బ్లాకులలో బ్యాటరీ బ్లాకు ఒక్కటే, మిగతావి అతుకుల ద్వారా దాన్నే పంచుకుంటాయి. మీకు రెండోదే సరిపోతుంది. ఛార్జింగ్ స్థాయి వేర్వేరుగా ఉన్న లిథియం సెల్‌లను అతుకు ద్వారా నేరుగా కలపడం ప్రమాదం, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి అదుపు లేకుండా కరెంటు పారుతుంది. అడాప్టర్లు కూడా అంతే, రెండు పవర్ క్యూబ్‌లు ఒకే వరుసలో పెట్టకండి.

ముప్ఫై నలభై క్యూబ్‌ల దాకా పోవాలనుంటే అప్పుడు 12 వోల్టులు పంపి, ప్రతి క్యూబ్‌లో చిన్న బక్ కన్వర్టర్‌తో 5కు దించుకోవాలి. ఖర్చు పెరుగుతుంది. పదికి అవసరం లేదు. వెలుగు ముప్ఫై శాతానికి తగ్గించినా రాత్రిపూట గదిలో చాలినంత వస్తుంది, కరెంటు కూడా అంతమేర తగ్గుతుంది.

పిల్లల చేతికి ఇచ్చేదైతే అయస్కాంతాలను జిగురుతో బయట అంటించకండి. డబ్బా గోడ లోపల గూడు చేసి, మీద ఇంకో పొర ప్రింట్ చేసి పూర్తిగా మూసేయండి. రెండు అయస్కాంతాలు మింగితే పేగుల గోడల్ని మధ్యలో బిగించి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, ఆపరేషన్ దాకా పోతుంది. క్యూబ్‌ను గట్టి నేల మీద నడుమెత్తు నుంచి పడేసి చూడండి. పగిలి అయస్కాంతం బయటపడితే గోడ మందం పెంచి మళ్లీ ప్రింట్ చేయండి, అప్పటిదాకా ఇవ్వకండి.

ముందు పవర్‌ను మధ్యకు మార్చి, అన్నీ తెలుపులో పెట్టి, చివరి క్యూబ్ దగ్గర వోల్టేజీ కొలిచి ఇక్కడ రాయండి. 4.5 కంటే తక్కువ వస్తే మీరు వాడిన పిన్‌ల ఫొటో కూడా పెట్టండి, చూసి చెబుతాను.