ముందు ముద్ర, తర్వాతే టాపిక్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్ళవే. అందుకని వంటింటి ప్రశ్నలు, ఇన్సూరెన్స్ ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టా, ఏమనుకోకండి. పేర్లు వెయ్యట్లేదు, ఊళ్ళే వేస్తున్నా.

ప్రశ్న: అక్కా, మాది నిర్మల్ దగ్గర పల్లె. జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది, హైదరాబాద్‌ల సోషియాలజీ సీటొచ్చింది, సోమవారం జాయిన్ కావాలె. మా ఇంట్ల ఇంతదాంక చదివినోళ్ళు లేరు. ఫస్ట్ వారంల ఏమేం చెయ్యాలె? టాపిక్ గురించి తలుచుకుంటేనే భయమైతుంది.

జవాబు: చెల్లీ, ముందు కంగ్రాట్స్. టాపిక్‌ని ఒక నెల అటక మీద పెట్టెయ్, దాన్నెవరూ ఎత్తుకుపోరు. మొదటి వారం పనంతా కాగితాలదే.

నా సంగతి చెప్తా విను. నేను చేరిన రోజు జాయినింగ్ రిపోర్ట్ మీద గైడ్ సంతకం, హెడ్ సంతకం అయ్యేసరికి మూడున్నర, ఆఫీసు సెక్షన్‌కి పరిగెత్తుకెళ్తే కౌంటర్లో ఆయన తలెత్తకుండానే "అక్కడ పెట్టి వెళ్ళమ్మా" అన్నాడు, నేను పెట్టి వచ్చేశా. రెండు నెలలైనా ఫెలోషిప్ జాడ లేదు. వెళ్ళి అడిగితే అసలు నీ పేరు మీద ఫైలే లేదమ్మా అన్నారు. ఇచ్చానని చూపించడానికి నా దగ్గర జిరాక్స్ కూడా లేదు. మళ్ళీ కొత్త రిపోర్ట్, కొత్త తేదీ. ఆ రెండు నెలల డబ్బు ఇప్పటికీ రాలేదు, ఇంక రాదు కూడా. అందుకే చెప్తున్నా, రెండు కాపీలు పట్టుకెళ్ళు, ఒకటి వాళ్ళకి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబర్ (వాళ్ళ రిజిస్టర్లో ఎక్కించిన నంబర్), తేదీ, ముద్ర. ముద్ర వేసే మనిషి భోజనానికెళ్తే బల్ల మీద కూర్చుని ఆగు, అంతేగానీ రేపొస్తా అని లేచి రాకు. నీ ఫెలోషిప్ ఎప్పట్నుంచి లెక్కపెట్టాలో చెప్పేది ఆ తేదీనే. పీహెచ్‌డీ అడ్మిషన్ తేదీ ఇంకోటి ఉంటుంది, ఆరేళ్ళ గడువు అక్కణ్ణుంచి నడుస్తుంది, రెండూ ఎక్కడైనా రాసిపెట్టుకో.

సర్టిఫికెట్ల ఒరిజినల్స్ చూసి వెనక్కిచ్చెయ్యమని యూజీసీ (యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే సంస్థ) ఎప్పుడో చెప్పింది. టీసీ, మైగ్రేషన్ ఎలాగూ వాళ్ళు తీసుకుంటారు, ఇంకేమన్నా ఉంచుకుంటామంటే ఏవేవి ఉంచుకున్నారో ఒక కాగితం మీద రాయించుకో. అన్నీ ముందే స్కాన్ చేసి మెయిల్లో పెట్టుకో, ఫోన్లో కాదు, ఫోన్ బస్సులో పోతుంది.

డబ్బు విషయం. జేఆర్ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకి 37,000, రెండేళ్ళయ్యాక ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే 42,000, మొత్తం కలిపి అయిదేళ్ళు. మీ లాంటి సోషల్ సైన్సెస్ వాళ్ళకి కంటింజెన్సీ (పుస్తకాలు, ఇతర ఖర్చుల డబ్బు) మొదటి రెండేళ్ళు ఏడాదికి 10,000, ఆ తర్వాత 20,500. హాస్టల్లో ఉంటే హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) రాదు. కానీ ఇవన్నీ కాగితం మీద అంకెలు, మొదటిసారి చేతికొచ్చేసరికి మూణ్ణాలుగు నెలలు పట్టినా పట్టొచ్చు, తర్వాత బకాయి మొత్తం ఒకేసారి పడుతుంది. మెస్ వాడు మాత్రం అప్పటిదాకా ఆగడు, కాబట్టి ఇంటినుంచే ఆ నాలుగు నెలలకి సర్దుకుని బయల్దేరు. ప్రతి నెలా నువ్వు హాజరవుతున్నావని యూనివర్సిటీ వైపునుంచి కన్ఫర్మేషన్ వెళ్ళాలి, అది చేసేది ఎవరో కనుక్కుని ఆయనతో మంచిగా ఉండు.

ఇంకోటి. నీ ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకి సీడ్ అయ్యుందో చూసుకో. లింక్ అవ్వడం వేరు, సీడ్ అవ్వడం వేరు, ఆధార్ నంబర్ మీద పడే డబ్బు ఆఖరున సీడ్ చేసిన ఖాతాకే పోతుంది. మా జూనియర్ ఒకమ్మాయి స్కాలర్‌షిప్ డబ్బు ఊళ్ళో ఎప్పుడో తెరిచి వదిలేసిన జీరో బ్యాలెన్స్ ఖాతాలో ఏడు నెలలు పడింది, ఈ పిల్ల ఇక్కడ అప్పులు చేసుకుంటూ కూర్చుంది.

మిగతావి చిన్నవే, యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ (నవ్వకు, పీహెచ్‌డీ వాళ్ళూ నింపాలి), లైబ్రరీ కార్డు, యూనివర్సిటీ మెయిల్ ఐడీ. ఆ మెయిల్ ఐడీ వచ్చిందాకా వెంటపడు, జర్నల్స్ చాలావరకు దాంతోనే తెరుచుకుంటాయి.

ప్రశ్న: మేడమ్, విశాఖ నుంచి రాస్తున్నాను, కెమిస్ట్రీ. చేరి మూడు వారాలైంది. గైడ్ గారు ఒక్కసారి కలిశారు, "పేపర్లు చదవండి" అన్నారు, అంతే. ఏ పేపర్లో చెప్పలేదు. ల్యాబ్‌లో సీనియర్లు ఏదీ ముట్టుకోనివ్వట్లేదు. తప్పు చేశానేమో అనిపిస్తోంది.

జవాబు: తప్పేం కాదు తమ్ముడూ, మూడు వారాలకే అలా అనుకుంటే ఎలా. ఒక ప్రొఫెసర్ కింద ఒకేసారి ఎనిమిది మంది దాకా ఉండొచ్చు, అసోసియేట్ కింద ఆరుగురు, అసిస్టెంట్ కింద నలుగురు. మీ సార్‌కి ఇంకో ఏడుగురు ఉంటే, పైన వాళ్ళలో ఒకడు థీసిస్ సబ్మిట్ చేసే హడావిడిలో ఉంటే, నువ్వు కనపడవు. అది కోపం కాదు.

ఏ పేపర్లు అని అడగడానికి వెళ్ళకు. ఆయనవే గత అయిదేళ్ళ పేపర్లు తీసుకో, ఈమధ్య సబ్మిట్ చేసిన మీ సీనియర్ థీసిస్ తీసుకో. మీ లైబ్రరీలో దొరక్కపోతే శోధ్‌గంగా వెబ్‌సైట్‌లో ఉంటుంది, మన దేశంలో పీహెచ్‌డీ థీసిస్‌లు అందులో ఫ్రీగా చదవొచ్చు. చదివి ఒక్క పేజీ రాయి, అర్థమైంది ఒక పక్క, అర్థం కానిది ఇంకో పక్క. ఆ పేజీ పట్టుకుని వెళ్ళి "సర్, వారంలో ఏ రోజు ఒక పావుగంట మీకు వీలవుతుంది" అని అడుగు. ఖాళీ చేతులతో వెళ్ళినవాడికి "చదవండి" అనే సమాధానమే మళ్ళీ వస్తుంది, కాగితం తీసుకెళ్తే పెన్ను తీస్తారు, నేను చాలామంది దగ్గర చూశా.

కలిసొచ్చాక అదే రోజు మెయిల్ పెట్టు, నాలుగు లైన్లు చాలు: "సర్, ఇవాళ మీరు చెప్పినవి నాకు అర్థమైనంతవరకు ఇవి, వచ్చే గురువారంలోపు ఇది చేస్తాను, తప్పుంటే చెప్పండి." ఆయన జవాబు ఇవ్వకపోయినా పర్లేదు. ఎనిమిది నెలల తర్వాత "నేనెప్పుడు చెప్పాను ఇలా చెయ్యమని" అన్నప్పుడు ఆ మెయిల్ విలువ తెలుస్తుంది. అంటారు కూడా, మంచివాళ్ళే అంటారు, మర్చిపోతారు అంతే.

ల్యాబ్ సీనియర్ల దగ్గర ఒక ఉపాయం ఉంది. పిప్పెట్ అడగొద్దు, గ్లాస్‌వేర్ కడగడం అడుగు. నిజంగా. కడుగుతూ పక్కన నిలబడితే కాలమ్ ఎలా వేస్తున్నారో, ఏ సాల్వెంట్ ఎక్కడ పెడతారో, ఎన్ఎమ్ఆర్ మెషీన్ స్లాట్ ఎవరిని అడిగితే దొరుకుతుందో అన్నీ చెవిన పడతాయి. ఒక బౌండ్ నోట్‌బుక్ కొను, పేజీ నంబర్లు ముందే వేసెయ్, రోజూ తేదీ వేసి రాయి, ఫెయిలైన రియాక్షన్ కూడా రాయి. పేజీ మాత్రం చించకు.

ఇంకా, సెమిస్టర్‌కి ఒకసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు నువ్వు ప్రెజెంటేషన్ ఇవ్వాలి, 2022 యూజీసీ రెగ్యులేషన్స్‌లో ఉంది అది. ఆ కమిటీలో గైడ్ కాకుండా మిగతావాళ్ళెవరో తెలుసుకుని వాళ్ళకి ఒక నమస్కారం పెట్టి రా. రేపు ఏదన్నా ఇబ్బందొస్తే మాట్లాడ్డానికి ఒక తెలిసిన ముఖం ఉండాలి కదా. సార్ వాళ్ళ పిల్లల్ని స్కూల్ నుంచి తీసుకురమ్మంటే ఏం చెయ్యాలి అని ఇంకొకరెవరో అడిగారు, ఒకసారి వాన పడుతున్నప్పుడైతే వెళ్ళు, రెండోసారి "సర్, ల్యాబ్‌లో రియాక్షన్ పెట్టాను" అను.

ప్రశ్న: నేను కడప జిల్లాలో డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని, వయసు 41. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో సీటొచ్చింది. ముందు ఏం చూసుకోవాలి?

జవాబు: సార్, ఎన్ఓసీ, అంటే మీ కాలేజీ అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం. మామూలు ఎన్ఓసీ కాదు, మాటలు చూసుకోండి. పార్ట్‌టైమ్ చెయ్యడానికి అనుమతి ఇస్తున్నామని, డ్యూటీ తర్వాత రీసెర్చ్‌కి తగినంత టైమ్ ఉంటుందని, అవసరమైతే కోర్స్‌వర్క్‌కి రిలీవ్ చేస్తామని, మూడూ అందులో ఉండాలి. ఈ మూడోది లేకుండా రెండు లైన్లు టైప్ చేసి ఇచ్చేస్తారు, తర్వాత కోర్స్‌వర్క్ క్లాసులప్పుడు సెలవు అడిగితే ప్రిన్సిపల్ మొహం తిప్పుకుంటారు. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, 55 శాతం రావాలి, రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ అనే పేపర్ తప్పదు. ఇన్నేళ్ళూ పేపర్లు దిద్దిన చేత్తో మళ్ళీ పరీక్ష రాయడం చిత్రంగా ఉంటుంది, నాకు తెలిసిన ఒకాయన తన పాత స్టూడెంట్ పక్కనే కూర్చుని రాశారు, ఆ అబ్బాయే బబుల్ షీట్ ఎలా నింపాలో చూపించాడట.

ప్రశ్న: అక్కా, మాది నల్లగొండ జిల్లా. తెలుగు మీడియంలో చదివిన, హిస్టరీలో పీహెచ్‌డీ చేరిన. క్లాస్‌లో అందరూ ఇంగ్లీష్ థియరీ పుస్తకాల పేర్లు చెప్తుంటే నాకు నోరు లేస్తలేదు. నేను నెట్టుకురాగలనా?

జవాబు: ఆ పేర్లు చెప్పేవాళ్ళలో సగం మంది వెనక అట్ట మాత్రమే చదివుంటారు, అది ముందు తెలుసుకో. ఇంగ్లీష్ చదవడం కష్టమే, కాదనను, రోజుకి ఆరు పేజీలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివితే మొదటి సెమిస్టర్ అయ్యేసరికి పదిహేను అవుతాయి, నాకు అలాగే అయ్యింది.

కానీ నీ దగ్గరున్నది వాళ్ళ దగ్గర లేదు కదా. పాత తెలుగు పత్రిక చేతికిస్తే గబగబా చదువుతావు. ఈ నెలలోనే ఒక రోజు బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి వెళ్ళు, ఇంకో రోజు అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి, అది 1891లో మొదలైంది, ఇంకో రోజు తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్‌కి. ఆర్కైవ్స్‌కి ఊరికే పోతే కుదరదు, డిపార్ట్‌మెంట్ నుంచి లెటర్ పట్టుకెళ్ళు. నిజాం కాలం రికార్డులు చాలావరకు ఉర్దూ, పర్షియన్‌లో ఉంటాయి, కాబట్టి వెళ్ళగానే నీరసపడకు, ఇప్పుడే ఉర్దూ అక్షరాలు మొదలుపెడితే రెండో ఏడాదికి పనికొస్తాయి. సెలవుల్లో వీలైతే వేటపాలెం సారస్వత నికేతనం చూసిరా, 1918 నాటిది, పాత పత్రికల ఫైళ్ళు అక్కడ ఉన్నన్ని చాలా చోట్ల ఉండవు.

ఎక్కడ ఏం చూసినా అక్కడే రాసుకో: లైబ్రరీ పేరు, పత్రిక, సంపుటి, సంచిక, పేజీ. ఫోటో తీస్తే ముందు అట్ట ఫోటో తియ్యి, తర్వాత పేజీ. నా దగ్గర ఇప్పటికీ నలభై ఫోటోలున్నాయి, అద్భుతమైన వ్యాసాలు, ఏ పత్రికలోవో నాకే తెలీదు, ఒక్కటీ థీసిస్‌లో వాడలేకపోయా. కంప్యూటర్లో జొటేరో (చదివినవాటి వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్) వేసుకో, ఫ్రీగా వస్తుంది, తెలుగు కూడా తీసుకుంటుంది. ఇవాళ మొదలుపెడితే నాలుగో ఏడాదిలో గ్రంథసూచి దగ్గర కూర్చుని ఏడవక్కర్లేదు.

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు, అమెరికాలో పీహెచ్‌డీకి ఆగస్టులో వెళ్తున్నా, టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఉంది. దిగగానే ఏం చెయ్యాలి?

జవాబు: ఐ-20 (యూనివర్సిటీ పంపే అడ్మిషన్ కాగితం) మీద ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు దిగకూడదు, చుట్టాలింట్లో రెండు నెలలు ఉండొచ్చని అనుకోకు. దిగాక ఐ-94 (నువ్వు అమెరికాలో దిగిన రికార్డు) ఆన్‌లైన్లో డౌన్‌లోడ్ చేసి పేరు స్పెల్లింగ్ చూసుకో, మనకి ఇంటిపేరు దగ్గరే గొడవ. ఇంటర్నేషనల్ ఆఫీస్‌లో చెక్-ఇన్, తర్వాత ఒక పది రోజులాగి సోషల్ సెక్యూరిటీ నంబర్‌కి అప్లై చెయ్యి. పని క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్ లోపలే, వారానికి 20 గంటలు దాటకూడదు. టాక్స్ కట్టేటప్పుడు ఇండియా నుంచి వెళ్ళిన స్టూడెంట్స్‌కి ఒప్పందం ప్రకారం స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునే వీలుంది, వేరే దేశాల ఫ్రెండ్‌ని చూసి కాపీ కొడితే అది పోగొట్టుకుంటావు. ఆవకాయ చెక్-ఇన్ బ్యాగ్‌లో పెట్టు, అది మీ అమ్మగారు ఎలాగూ చెప్పుంటారు.

ప్రశ్న: అమ్మా, మాది తెనాలి. మా అబ్బాయి పీహెచ్‌డీలో చేరి మూడు నెలలైంది. ఫోన్ చేస్తే "చదువుతున్నా" అని పెట్టేస్తున్నాడు. ఎప్పుడైపోతుందంటే విసుక్కుంటున్నాడు. ఏం చదువండీ ఇది?

జవాబు: అమ్మగారూ, కనీసం మూడేళ్ళు, మామూలుగా అయిదారేళ్ళు పట్టే చదువండి. "ఎప్పుడైపోతుంది" అనేది వాడు రాత్రి రెండింటికి తనని తాను అడుక్కునే ప్రశ్నే, అందుకే విసుగు. అది అడగకండి. తిన్నావా అని కూడా కాదు, ఏం తిన్నావ్ అని అడగండి, మెస్ గురించి పదినిమిషాలు తిట్టుకుంటాడు, అందులోనే మిగతావి బయటకొస్తాయి. నిద్ర లేదు, ఎవరితో మాట్లాడట్లేదు, వచ్చేస్తా అంటున్నాడు అనిపిస్తే మాత్రం ఒకసారి రైలెక్కి వెళ్ళి చూసిరండి. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, టెలిమానస్ అంటారు, మనసు బాగోనప్పుడు మాట్లాడ్డానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బులేం అక్కర్లేదు, మీరు కూడా చెయ్యొచ్చు. వెళ్ళేటప్పుడు జంతికలు కాస్త ఎక్కువే పట్టుకెళ్ళండి, పక్క రూముల వాళ్ళు వస్తారు, వాడికి ఫ్రెండ్స్ ఉన్నారో లేదో మీకే తెలిసిపోతుంది.