గడ్డి బీడులో క్లోవర్ కాదు, స్టైలో చల్లండి

ప్రశ్న: మా రెండెకరాల ఎర్ర చెల్కలో అంజన్ గడ్డి ఉంది, అందులో గొర్రెలను మేపుతాం. విదేశాల్లో గడ్డి మధ్య క్లోవర్ మొక్కను పాకించి, యూరియా వేయకుండానే మేత పెంచుతున్నట్లు వీడియోలో చూశాను. మా గడ్డిలోనూ అది అల్లుకోవాలంటే ఏం చేయాలి?
– ఒక రైతు, దేవరకొండ, నల్లగొండ జిల్లా

జవాబు: మీరు చూసింది తెల్ల క్లోవర్ అయి ఉంటుంది. నేలపై పాకే కాడలకు కణుపు కణుపునా వేళ్లు దింపుతూ విస్తరించే ఈ పప్పుజాతి మొక్క, వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది. కానీ అది చల్లని ప్రాంతాల మొక్క. 40 డిగ్రీలు దాటే మన ఎండకాలంలో, అదీ వానాధార చెల్కలో నిలవదు కనుక ఆ విత్తనానికి డబ్బు పెట్టవద్దు. దాని దగ్గరి బంధువైన బర్సీమ్ కూడా యాసంగిలో తడులిచ్చి పెంచుకునే పైరే.

మీ నేలకు తగినది స్టైలో హమాటా అనే పప్పుజాతి మేత మొక్క. ఇది పాకే కాడలతో కాక రాలిన గింజతో వ్యాపిస్తుంది. మీరు చేయవలసిన పనులన్నీ ఈ తేడాను బట్టే ఉంటాయి.

గింజ పైపొర గట్టిది కాబట్టి 80 డిగ్రీల వేడినీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి, ఆపై రాత్రంతా చన్నీటిలో నానబెట్టి, నీడలో ఆరబెట్టాలి. నీళ్లు మరుగుతుండగా వేస్తే గింజ ఉడికిపోతుంది. మృగశిర కార్తె వానలకు నేల బాగా తడిశాక, గడ్డిని జీవాలతో నాలుగు వేళ్ల ఎత్తుకు మేపించి, మొదళ్ల మధ్య గుంటకతో పైపైన గీరి, ఎకరాకు రెండు మూడు కిలోల విత్తనాన్ని పొడి ఇసుకలో కలిపి చల్లండి. మందను ఒకసారి అటూఇటూ తిప్పితే గిట్టల కింద గింజ మట్టికి అదుముకుంటుంది. సెంటీమీటరు కంటే లోతుకు పోకూడదు. ఎకరాకు 100 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తే 16 కిలోల భాస్వరం అందుతుంది. యూరియా మాత్రం వేయకండి, దానితో గడ్డి ఏపుగా పెరిగి మొలకలను కమ్మేస్తుంది.

మొదటి రెండు నెలలు స్టైలో ఎదుగుదల మందకొడిగా ఉంటుంది. ఆ రోజుల్లో మందను దూరంగా ఉంచి, గడ్డి పెరిగి స్టైలో మొలకలకు నీడ పట్టినప్పుడల్లా దాన్ని కొడవలితో పైపైన కోసి ఇంటి దగ్గర మేపుకోండి. పసుపుపచ్చ పూలు పూసి, చివర చిన్న కొక్కెం ఉండే కాయలు ముదిరి రాలేదాకా ఆగి, ఆ తర్వాతే జీవాలను వదలండి. మేసిన గింజల్లో కొన్ని అరగకుండా పెంటికల్లో బయటపడి, మీరు విత్తనం వేయని చోట కూడా వచ్చే వానకాలం మొలుస్తాయి. నీరు నిలిచే పల్లపు చోట్ల మాత్రం ఈ విత్తనం చల్లవద్దు.