ఆదివారం తరగతి చెప్పబోయే మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

పెట్టుబడిదారీ విధానం, సోషలిజం, కమ్యూనిజం గురించి గాజువాకలో ఆదివారం తరగతి చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు ఎంత గర్వంగా ఉందో అంత గుబులుగానూ ఉంది. తేదీలు సరిచూసుకో, గంటకు మించి మాట్లాడకు. ఇవి నీకు తెలిసినవే.

1978లో విశాఖ రేవు దగ్గర ఒక పెంకుటింటి అరుగు మీద కార్మికులకు నేనూ ఇలాంటి తరగతే చెప్పాను. సింధియా కంపెనీ వారి ఓడల యార్డులో తయారైన ‘జల ఉష’ ఓడ 1948లో నీటిలోకి దిగిందనీ, 1952లో కేంద్ర ప్రభుత్వం ఆ యార్డులో మూడింట రెండొంతుల వాటా తీసుకుందనీ వివరించి, సర్కారు చేతికి వస్తే అదే సోషలిజమనీ, సోషలిజమన్నా కమ్యూనిజమన్నా ఒకటేననీ తేల్చేశాను. ముందు వరుసలో ఒక ముసలి కలాసీ, తారు మరకలు వదలని అరచేతిని మోకాలి మీద ఆనించి, “సర్కారు యజమాని అయితే సరిపోద్దా బాబూ? పని ఎలా జరగాలో, లాభం ఎటు పోవాలో ఎవరు చెప్తారు?” అని అడిగాడు. జవాబు తెలియక, “చదువుకోని వాళ్లకు ఇవి అర్థం కావు” అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఎంత సిగ్గుమాలిన పని చేశానో తెలిసేసరికి ఆలస్యమైపోయింది తల్లీ.

నేను చెప్పవలసిన పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. యంత్రాలూ భూములూ ప్రైవేటు వ్యక్తులవై, లాభం కోసం, సంతలో పలికే ధరను బట్టి ఉత్పత్తి సాగితే అది పెట్టుబడిదారీ విధానం. అవి సమాజానివైతే, అంటే ప్రభుత్వానివో సహకార సంఘాలవో అయితే, సోషలిజం. మార్క్స్ 1875లో రాసినదాని ప్రకారం తొలి దశలో చేసిన పనిని బట్టి పంపకం, తర్వాతి ఉన్నత దశలో అవసరాన్ని బట్టి పంపకం. వర్గాలు లేని ఆ రెండో దశనే కమ్యూనిజం అంటున్నాం. సోవియట్ యూనియన్‌ను కమ్యూనిస్టు పార్టీయే పాలించినా, దేశం పేరులో ఉన్నది ‘సోషలిస్టు’ అన్న మాటే. తెలుగులో ఇంకో చిక్కుంది: ‘సామ్యవాదం’ అని కొందరు కమ్యూనిజాన్నీ అంటారు, కానీ 1976లో మన రాజ్యాంగ పీఠికలో చేరిన ‘సామ్యవాద’ పదానికి అర్థం సోషలిస్టు అనే. ఏ అర్థంలో వాడుతున్నావో మొదటే చెప్పు.

నీకు నచ్చిన పక్షం తప్పులను దాచకు, నేను దాచాను. 1932-33లో సోవియట్ పాలనలోని ఉక్రెయిన్‌లో లక్షలాది మంది ఆకలితో చనిపోయిన సంగతి చెప్పు. 1929 తర్వాత పెట్టుబడిదారీ అమెరికాలో కోటిమందికి పైగా పని లేక వీధిన పడ్డ సంగతీ చెప్పు. వ్యాపారులు ఒకచోట చేరితే ధరలు పెంచే కుట్రకే దారితీస్తుందని 1776లో రాసినవాడు, స్వేచ్ఛా వ్యాపారాన్ని సమర్థించిన ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్తేనని కూడా చెప్పు.

అక్కడికి వచ్చే పిల్లల్లో చాలామంది విశాఖ ఉక్కు కర్మాగారం జీతం మీద పెరిగినవాళ్లు. 2021లో కేంద్రం తన వాటా మొత్తం అమ్మాలని నిర్ణయించినప్పటి నుంచి ఆ ఇళ్లలో ఈ మాటలు పాఠాలు కావు, రేపటి బియ్యం. ఎవరైనా కోపంగా అడిగితే అడ్డుపడకు, పూర్తిగా అడగనివ్వు. జవాబు తెలియకపోతే వచ్చే ఆదివారం చెబుతానని చెప్పి, నిజంగానే చెప్పు.

ఎండ తగ్గాక బయలుదేరు. పాత గాజువాక కూడలిలో బస్సు దిగగానే నాకు ఫోను చెయ్యి.

మీ తాతయ్య