చర్మం – సందేహాలు: ఏజెంట్ ఆరెంజ్ మిగిల్చిన మొటిమలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా పక్కింటి పెద్దాయన వియత్నాం యుద్ధంలో పనిచేశారు. అక్కడ ఉండగానే బుగ్గల మీద, చెవుల వెనుక మొదలైన మొటిమలు, గడ్డలు ఇన్నేళ్లయినా పూర్తిగా పోలేదట. ఏజెంట్ ఆరెంజ్ వల్లే అంటారాయన. ఇది అంటువ్యాధా? ఊళ్లో మా నాన్నగారు వరిలో కొట్టే 2,4-డి అనే కలుపు మందు కూడా అందులోదేనని విని భయపడుతున్నాను.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: అంటువ్యాధి కాదమ్మా, నిస్సంకోచంగా ఆయన పక్కన కూర్చోండి. 1962 నుంచి 1971 దాకా అమెరికా సైన్యం వియత్నాం అడవుల మీద, పంటల మీద విమానాలతో చల్లిన కలుపు మందుల్లో ఎక్కువ భాగం ఏజెంట్ ఆరెంజే. పీపాలకున్న నారింజ రంగు పట్టీని బట్టి ఆ పేరు వచ్చింది. అందులో 2,4-డి, 2,4,5-టి సమపాళ్లలో ఉండేవి. అసలు విషం ఈ రెండోదాన్ని తయారు చేసేటప్పుడు పుట్టిన డయాక్సిన్. అది కొవ్వులో నిలిచిపోతుంది. ఒంట్లో చేరినది సగానికి తగ్గడానికే ఏడు నుంచి పదకొండేళ్లు పడుతుంది.

మీరు రాసిన లక్షణాలు క్లోరాక్నే అనే జబ్బును గుర్తుచేస్తున్నాయి. ఇందులో చర్మంలోని నూనె గ్రంథులు కుంచించుకుపోయి, వాటి చోట నల్లటి మొనలున్న మొటిమలు, ఎండుగడ్డి రంగు తిత్తులు ఏర్పడతాయి. కణతలు, చెంపలు, చెవుల వెనుక నిండా ఉన్నా ముక్కు మాత్రం చాలావరకు నున్నగానే ఉంటుంది. మామూలు మొటిమల నుంచి దీన్ని వేరుచేయడానికి మేము మొదట చూసేది అదే. మందులకు ఇది అంత తేలిగ్గా లొంగదు. అయితే యుద్ధం ముగిసిన ఎన్నో ఏళ్లకు కొత్తగా వచ్చే దద్దుర్లన్నీ క్లోరాక్నే కావు కనుక చర్మ వైద్యుడు స్వయంగా చూడాల్సిందే.

అమెరికా మాజీ సైనికుల శాఖ ఏజెంట్ ఆరెంజ్ బాధితులకు ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేస్తుంది. పరిహారానికి మాత్రం, ఆ కలుపు మందు సోకిన ఏడాదిలోపే ఈ జబ్బు కనీసం పది శాతం వైకల్యం కలిగించే స్థాయిలో బయటపడి ఉండాలన్న నియమం ఉంది. అప్పట్లో ఎవరూ పట్టించుకోని మొటిమలకు ఇప్పుడు రుజువు అడగడం నాకు న్యాయంగా తోచదు. అయినా ఆనాటి ఫొటోలు, ఇంటికి రాసిన ఉత్తరాలు, సైనిక వైద్య పత్రాలు ఉంటే వెతికించండి.

నాన్నగారి విషయానికొస్తే, పైన చెప్పిన డయాక్సిన్ పుట్టింది 2,4,5-టి తయారీలో కనుక 2,4-డి, ఏజెంట్ ఆరెంజ్ ఒకటి కావు. అలాగని అజాగ్రత్త తగదు. చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకుని, గాలికి ఎదురుగా కొట్టకుండా, పని కాగానే సబ్బుతో స్నానం చేయమనండి. ఆ బట్టలను మిగతా వాటితో కలిపి ఉతకవద్దని అమ్మగారికీ చెప్పండి.