కోరిలేషన్ తక్కువ వచ్చిందని నెల కాలమ్ తీసేయొచ్చా?

వద్దు, ఉంచండి. నెల నంబరుకూ ఉష్ణోగ్రతకూ కోరిలేషన్ (రెండు కాలమ్స్ ఎంతగా కలిసి మారుతాయో చెప్పే అంకె) చాలా తక్కువ వచ్చిందన్నారు, రాక ఏమవుతుంది? మన వరంగల్ ఎండలు జనవరి నుంచి మే దాకా ఎక్కుతాయి, వానలు మొదలయ్యాక దిగుతాయి. మామూలుగా వాడే పియర్సన్ కోరిలేషన్ సరళరేఖ సంబంధాన్నే చూస్తుంది కాబట్టి ఎక్కిన లెక్కా దిగిన లెక్కా కొట్టుకుపోతాయి. విలువల బదులు వాటి ర్యాంకులను పోల్చే స్పియర్‌మన్ కోరిలేషన్‌దీ ఇక్కడ అదే గతి.

నేనైతే పైథాన్‌లో పీపీస్కోర్ (ఒక కాలమ్ ఇంకోదాన్ని ఎంత బాగా ఊహించగలదో కొలిచే లైబ్రరీ) కూడా వేస్తాను. ఒక కాలమ్‌ను మాత్రమే డెసిషన్ ట్రీకి (వరుస ప్రశ్నలతో జవాబు తేల్చే మోడల్‌కు) ఇచ్చి రెండోదాన్ని ఊహించమంటుంది, 4 భాగాల క్రాస్ వాలిడేషన్‌తో, అంటే డేటాను 4 ముక్కలు చేసి, మూడింటితో నేర్పి మిగిలినదానిపై పరీక్షిస్తూ. ఊహించేది అంకెలైతే, ఎప్పుడూ మీడియనే (వరుసలో పెడితే మధ్యలో వచ్చే విలువే) చెప్పేవాడికంటే ఎంత తక్కువ తప్పాడో చూస్తుంది. ఏమీ మెరుగు లేకపోతే 0, తప్పే లేకపోతే 1. నెలను టార్గెట్‌గా, అంటే ఊహించాల్సిన కాలమ్‌గా, పెట్టేటప్పుడు మాత్రం స్ట్రింగ్‌గా (అక్షరాలుగా) మార్చండి, లేకపోతే దాన్ని మామూలు అంకె అనుకుంటుంది.

కోరిలేషన్‌లో లేనిది, ఇందులో ఉన్నది దిశ: దేన్నిబట్టి దేన్ని ఊహించవచ్చో. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి లెక్కలు చూసినప్పుడు ఇది బాగా పనికొచ్చింది. మండలం తెలిస్తే జిల్లా తెలుస్తుంది, జిల్లా తెలిసినంత మాత్రాన మండలం తెలియదు. అయితే మండలం నుంచి జిల్లాకు 1 రావాల్సింది, రాలేదు. తవ్వితే తేలింది: పాత, కొత్త ఏళ్ల డేటా కలిసిపోయింది. పరకాల 2016 దాకా వరంగల్ జిల్లా, తర్వాత వరంగల్ రూరల్, 2021 నుంచి హన్మకొండ. కోరిలేషన్ హీట్‌మ్యాప్‌లో (కోరిలేషన్లను రంగుల్లో చూపే పట్టికలో) ఇది ఎన్నటికీ కనపడేది కాదు, అందులో అక్షరాల కాలమ్స్ ఉండనే ఉండవు కదా.

స్కోరు మరీ ఎక్కువొస్తే నాకు సంతోషం కాదు, అనుమానం. సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కొనుగోళ్లలో పత్తిలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత పడుతుంది, 12 దాటితే కొనరు. ఆ కోత కాలమ్‌తో ధరను ఊహిస్తే స్కోరు బ్రహ్మాండంగా వస్తుంది, కానీ కోత తెలిసేది ధర ఖరారయ్యేటప్పుడే, కాబట్టి ముందుగా ఊహించడానికి అది పనికిరాదు. ఇక తేమ ధరను ఎందుకు తగ్గిస్తుందో ఈ స్కోరు చెప్పదు, అది కొనేవాళ్లను అడగాల్సిందే.

ఇంకో మాట, ఇది ఒక్కో కాలమ్‌నే విడిగా చూస్తుంది. విడివిడిగా 0 వచ్చిన రెండు కాలమ్స్ కలిసి బాగా ఊహించవచ్చు, కాబట్టి తీసేసే ముందు వాటిని మోడల్‌లో కలిపి ఒకసారి పెట్టి చూడండి.