రంగం పెట్టెలో వంద నోట్లు

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను టీచరమ్మా. 1962లో బర్మాలో జరిగినదాన్ని ఒక పుస్తకంలో విప్లవం అన్నారు, ఇంకోదాంట్లో సైనిక తిరుగుబాటు అన్నారు. ఏది సరి?
– ఒక పాఠకుడు, అన్నానగర్, చెన్నై

జవాబు: పరీక్షలో సైనిక తిరుగుబాటు అనే రాయి బాబూ. సైన్యం తనకు తాను పెట్టుకున్న పేరు విప్లవ మండలి. 1962 ఏప్రిల్ చివర్లో ‘బర్మా సోషలిస్టు మార్గం’ అని ప్రకటించారు. 1963 ఫిబ్రవరిలో బ్యాంకులన్నీ జాతీయం చేశారు, 1964లో దుకాణాలు. అధికారం పట్టుకున్న తీరు తిరుగుబాటే. కానీ ఆ తర్వాత జనం బతుకులు తలకిందులైన మాట కూడా నిజం. ఆ సంగతి కింది ఉత్తరంలో ఉంది, చదువు.

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మాది పెరంబూరు. మా నాయనమ్మకు ఎనభై ఒక్క ఏళ్ళు. రంగూన్‌లో, మనవాళ్ళ మాటలో ‘రంగం’లో, పుట్టింది. 1964లో తాతయ్యతో, ఏడాది నిండని మా నాన్నతో ఓడ ఎక్కి మద్రాసు వచ్చింది. మొన్న ఇల్లు సర్దుతుంటే ఆవిడ టేకు పెట్టె అడుగున గుడ్డలో చుట్టిన బర్మా నోట్లు కనిపించాయి. అన్నీ వంద కియాట్ నోట్లే, నలభై మూడు ఉన్నాయి. మీద ఎవరో యువకుడి బొమ్మ. “చెల్లని కాగితాలు ఎందుకు, ఎవరైనా కొంటారేమో అడుగుదాం” అని నాన్న అన్నందుకు ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. 2016 నవంబరులో మన దగ్గర పెద్ద నోట్లు రద్దు చేసిన రాత్రి కూడా ఇలాగే తెల్లవార్లూ కూర్చుంది. ఇంట్లో ఎప్పుడూ రెండు నెలల బియ్యం ఉండి తీరాలి. నేను కాలేజీలో చరిత్ర చదువుతున్నాను. బర్మా విప్లవం గురించి చెప్పమంటే “నాకేం తెలుసమ్మా, మేం విప్లవం చూడలేదు” అంటుంది. అక్కడే ఉండి చూడకపోవడం ఏమిటి? ఆవిడ చేత ఎలా చెప్పించాలి?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: మీ నాయనమ్మ అబద్ధం చెప్పలేదు తల్లీ. నేనూ అక్కడే ఉన్నాను, నేనూ చూడలేదు.

1962 మార్చి 2, శుక్రవారం. నాకు పదేళ్ళు. బోటటౌంగ్ రేవుకు నాలుగు వీధుల అవతల మా ఇల్లు, ఇంటి ముందు గదే కొట్టు. ప్రధాని ఊ నూను, మంత్రులను పట్టుకుని జనరల్ నే విన్ అధికారం తీసుకున్నాడని రేడియోలో చెప్పారట. నాన్న కొట్టు తెరిచాడు. పప్పులు, చింతపండు, ఎండుచేపలు ఎప్పటిలాగే తూచాడు. నేను బడికి వెళ్ళాను. ఆ రోజు గురించి నాకు గుర్తున్నది అంతే. ఆ ఏడాది జూలై 7న విశ్వవిద్యాలయంలో విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి, మర్నాడు పొద్దున్నే వాళ్ళ సంఘం భవనాన్ని పేల్చేశారు. ఇది నేను పెద్దయ్యాక చదువుకున్నాను. అప్పుడు నాకు తెలిసిందల్లా, అమ్మ మమ్మల్ని వారం రోజులు గడప దాటనివ్వలేదు, ఎందుకో చెప్పలేదు.

మా ఇంటికి అది వచ్చింది రెండేళ్ళ తర్వాత. ఇద్దరు సిపాయిలు, ఒక గుమాస్తా, ఒక రిజిస్టరు. 1964 మార్చిలో రంగూన్‌లో పెద్ద దుకాణాలు మొదలుపెట్టి, ఏప్రిల్‌లో దేశమంతా తీసుకున్నారు. మా కొట్టులో ఏముందో గుమాస్తా ఒక్కొక్కటే రాసుకున్నాడు. మూడు బస్తాల కందిపప్పు, ఒక డబ్బా నువ్వుల నూనె, ఇత్తడి తూకపు రాళ్ళు. బర్మాలో కూడా వీశల్లోనే తూస్తారమ్మా, మన మాటే, కానీ వాళ్ళ వీశ మన వీశ కంటే బరువు. ఆ రాళ్ళు మా తాత కొన్నవి. అవి ఒక్కటీ ఇచ్చేయమని అమ్మ అడిగింది. ఆ అబ్బాయి, చిన్నవాడే, తల దించుకుని వాటిని కూడా రాసుకున్నాడు. నాన్న చేతికి ఒక రసీదు ఇచ్చి తాళాలు తీసుకున్నారు. వారం తిరిగేసరికి కొట్టు మీద ప్రజా దుకాణం అని నంబరు వేసిన బోర్డు వచ్చింది. మా ముందు గదిలో ఉప్పు కోసం మేమే క్యూలో నిలబడ్డాం.

తర్వాత మే 17, ఆదివారం. యాభై, వంద నోట్లు ఇక చెల్లవన్నారు. నువ్వు కియాట్ అని రాశావు, మేం చాట్ అనేవాళ్ళం. బడా పెట్టుబడిదారుల నడుం విరగ్గొట్టడానికి అని చెప్పారు. కానీ బ్యాంకులు చేజారిపోయాక, కొట్లు పోయాక, ఊరికి వెళ్ళిపోదామనుకున్న ప్రతి చిన్నవాడూ ఉన్నది అమ్ముకుని పెద్ద నోట్లుగానే మార్చుకున్నాడు. నోట్లు అప్పగించడానికి జనం వరసలు కట్టారు. మా వీధిలో చాలామంది వెళ్ళలేదు. ఇంత ఎక్కడిదని అడుగుతారు, పరాయి దేశస్థులని రాసిన కాగితం చేతిలో పెట్టుకుని ఏం జవాబు చెబుతాం, ఓడ ఎక్కనివ్వకపోతే ఎలా అని భయం. మీ తాతయ్య కూడా ఆ భయంతోనే ఉంచేసి ఉంటాడు. మా ఇంటి అద్దె నెలకు ముప్పై చాట్లు. ఆ లెక్కన మీ పెట్టెలో ఉన్నది పన్నెండేళ్ళ ఇంటి అద్దె.

రేవులో సోదా అయ్యింది. అమ్మ ముక్కుపుడక ఎన్నేళ్ళుగానో తీయనిది, రాలేదు. సబ్బునీళ్ళు తెచ్చి తీశారు. మా చెల్లెలి కాలి మువ్వలు కూడా. కానీ చెల్లని నోట్లు ఎవరూ అడగలేదు. అందుకే తల్లీ, బంగారం పోయిన పెట్టెల్లో ఆ నోట్లు మిగిలాయి. మీ నాయనమ్మ దాచుకున్నది వాళ్ళిద్దరి కష్టార్జితంలో ఆవిడ వెంట వచ్చిన ఒకే ఒక్క వస్తువు.

నువ్వు చరిత్ర చదివే పిల్లవి కాబట్టి ఇంకో వైపు కూడా చెప్పాలి. బర్మావాళ్ళ కోపం ఊరికే పుట్టలేదు. 1930ల మాంద్యంలో వడ్ల ధర పడిపోయి, అప్పు తీర్చలేని రైతుల పొలాలు తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతికి పోయాయి. 1937 నాటికి దిగువ బర్మాలో వరి పండే ముఖ్యమైన జిల్లాల్లో నాలుగో వంతు భూమి వాళ్ళదే. 1931 లెక్కల్లో రంగూన్ ఊళ్ళో సగానికి పైగా భారతీయులే. తన ఊళ్ళో తానే తక్కువైన మనిషికి కోపం రాదా? వస్తుంది. కానీ ఆ పొలాలు తీసుకున్నది మా తాత కాదు. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి ‘రంగం’ వెళ్ళి రేవులో బియ్యం బస్తాలు మోసినవాడు. కోరంగి రేవు నుంచి వచ్చారని మన కూలీలను కోరంగీలు అనేవారు, అది గౌరవంగా పలికే మాట కాదు. 1930 మేలో రేవు పని దగ్గర మొదలైన గొడవల్లో దెబ్బలు తిన్నదీ వీళ్ళే. డబ్బున్నవాళ్ళలో చాలామంది 1942లో జపాన్ యుద్ధమప్పుడే వెళ్ళిపోయారు. 1964లో రిజిస్టరు పట్టుకుని వచ్చేసరికి వీధిలో మిగిలింది మా నాన్నలాంటివాళ్ళు. ఈ అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అలాగని బర్మావాళ్ళు బాగుపడ్డారా? మా పక్కింటి దొ, అంటే పెద్దావిడ అని, మా అమ్మ ఇత్తడి బిందె దాచి పెడతానని తీసుకుంది, ఓడ దాకా వచ్చి ఏడ్చింది. యుద్ధానికి ముందు లోకంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం అది. 1967లో అక్కడే బియ్యం దొరకలేదు. అక్కడే ఉండిపోయిన మా పిన్ని చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి చెన్నై వచ్చి చెప్పింది. 1985లో మళ్ళీ నోట్లు రద్దు. 1987 సెప్టెంబరులో ఇరవై ఐదు, ముప్పై ఐదు, డెబ్బై ఐదు చాట్ల నోట్లు రద్దు చేశారు, ఈసారి ఒక్క పైసా తిరిగి ఇవ్వలేదు. బదులు నలభై ఐదు, తొంభై నోట్లు తెచ్చారు. మరుసటి ఏడాదే, 1988లో, జనం వీధుల్లోకి వచ్చారు. పిన్నికి అదంతా చెబుతున్నప్పుడు కూడా చేతులు కొంగు ముడి మీదే ఉన్నాయి.

మా సంగతికి వస్తే, ఓడ ఎక్కిన ఐదో రోజున మద్రాసు రేవులో దిగాం. ఇలా బర్మా నుంచి వచ్చినవాళ్ళు తమిళనాడులోనే లక్షా నలభై వేలకు పైగా. మొదట శిబిరం, తర్వాత వ్యాసర్పాడిలో గుడిసె. రాజాజీ సాలైలో, బీచ్ స్టేషన్ దగ్గర 1969లో బర్మా బజార్ వచ్చినప్పుడు నాన్నకు కొట్టు దొరకలేదు. తెలిసినవాళ్ళ కొట్టులో లెక్కలు రాశాడు. గుమాస్తా ఇచ్చిన ఆ రసీదు చొక్కా జేబులోనే ఉండేది. చెమటకు అక్షరాలన్నీ పోయాక కూడా చొక్కా మార్చినప్పుడల్లా జేబు మార్చేవాడు. పోయినప్పుడు మేం దాన్ని ఆయనతోనే పంపించాం.

2016 నవంబరు 8 రాత్రి టీవీలో వార్త విని నేనేం చేశానో తెలుసా? లేచి వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా మూత తీసి చూశాను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. 1964 రద్దూ ఈ రద్దూ ఒకటి కావని, గడువు ఉందని, బ్యాంకులో వేసుకోవచ్చని బుద్ధికి తెలుసు. చెయ్యి మాత్రం డబ్బా మీదకే వెళ్ళింది. మీ నాయనమ్మ టెన్షన్ అదే. ఆవిడతో వాదించకండి. రెండు నెలల బియ్యం ఉంటే ఇంటికి వచ్చిన నష్టమేమీ లేదు, పురుగు పట్టకుండా వేపాకు వేయండి చాలు.

ఇక చెప్పించడం సంగతి. విప్లవం అనే మాట ఆవిడ దగ్గర ఎత్తకు. అది రేడియోలో వచ్చిన మాట, ఆవిడది కాదు. వంటింట్లో పక్కన కూర్చో. మొహింగా చేయమను. చేపల పులుసులో అరటి దూట వేసి సన్న బియ్యపు సేమియాతో తింటాం. ఆవిడ దూట తరుగుతున్నప్పుడు అడుగు. అక్కడ చేపలు ఎవరి దగ్గర కొనేదానివి? పక్కింట్లో ఎవరుండేవాళ్ళు? ఈ పెట్టె ఓడ దాకా ఎవరు మోశారు? నాన్నకు ఓడలో పాలెలా? ఒక్కదానికి జవాబు వస్తే ఆ రోజుకు ఆగిపో. తేదీ తప్పు చెబితే సరిదిద్దకు. ఫోన్ పెట్టి రికార్డు చేయడం మొదట్లోనే వద్దు. కాగితాలు చూపించమని, పేరు చెప్పమని అడిగించుకుని బతికినవాళ్ళకు ఎదురుగా యంత్రం ఉంటే నోరు రాదు. అవతలికి వచ్చాక నువ్వు రాసుకో.

నాన్నను కోప్పడకు. ఆయన కూడా ఆ ఓడలోనే వచ్చాడు, గుర్తులేదు అంతే. ఆ నోట్లు పాతవి సేకరించేవాళ్ళు కొంటారు కానీ చెప్పుకోదగ్గ ధర రాదు. ఆవిడ ఉన్నంతకాలం ఆ గుడ్డలోనే ఉండనివ్వండి, గుడ్డ కూడా మార్చకండి. బొమ్మలో ఉన్నది బర్మా స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్. స్వాతంత్ర్యం రాకముందే, 1947 జూలైలో ముప్పై రెండేళ్ళకే అతన్ని చంపేశారు. మా బడి గోడ మీద కూడా ఆ ముఖమే ఉండేది.

ఇంకొకటి. చాలామంది ఆ కట్టల మధ్య ఒక చీటీ పెట్టేవాళ్ళు, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి దగ్గర ఏం దాచారు అని. నాయనమ్మ ఒప్పుకుంటే, ఆవిడ చేతే విప్పించి చూడు. గుండ్రటి అక్షరాలు ఉంటాయి, దూరం నుంచి తెలుగే అనుకుంటావు. దగ్గరికి వెళ్తే బర్మా రాత. ఫోటో తీసి పత్రిక చిరునామాకు నా పేరున పంపు. నాకు ఇంకా చదవడం వచ్చు.